నేచురల్ వైన్‌లో ఏది స్వభావం, ఏది లోపం, మంచి బాటిల్ ఎలా ఎంచుకోవాలి

మీరు అడిగింది ఇది. న్యూజెర్సీలో స్నేహితుల ఇంట్లో ఒక నేచురల్ వైన్ తాగారు, చాలా నచ్చింది. తర్వాత షాపుకెళ్ళి అలాంటిదే కావాలని అడిగి, 34 డాలర్లు పెట్టి ఇంకో బాటిల్ తెచ్చుకున్నారు. అది మబ్బుగా ఉంది. మొదటి గుక్క బాగానే ఉంది కానీ, మింగిన కాసేపటికి నోట్లో పాత బియ్యం డబ్బా వాసనలాంటిది మిగిలింది. అరగంట తర్వాత అసలు తాగలేకపోయారు. షాపులో చెప్తే "నేచురల్ వైన్ అంటే ఇలాగే ఉంటుంది" అన్నారు. ఆ మాట నిజమా, మంచి బాటిల్‌ని ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు.

ఆ మాట నిజం కాదు. మీరు కొన్నది పాడైన వైన్. మీరు వర్ణించిన లోపానికి పేరు కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను. ఆ ఒక్క బాటిల్ చూసి ఈ వైన్ల మీద మనసు విరుచుకోవద్దని ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నేను పన్నెండేళ్ళుగా న్యూయార్క్ వైన్ షాపుల్లో కొనుగోళ్ళు చూస్తున్నాను. రెండు సెప్టెంబర్లు ఫ్రాన్స్‌లోని బోజొలేలో ద్రాక్ష కోతకు కూడా వెళ్ళాను. నా జీవితంలో తాగిన అతి గొప్ప వైన్లలో సగం ఈ పద్ధతిలో చేసినవే. సింకులో పారబోసిన వాటిలో కూడా చాలావరకు ఇవే.

ముందు పేరు సంగతి. "నేచురల్ వైన్" అనే మాటకు చాలా దేశాల్లో చట్టపరమైన అర్థం లేదు. చేసేవాళ్ళు మాత్రం తమలో తాము కొన్నిటిని ఒప్పుకున్నారు. ద్రాక్ష ఆర్గానిక్‌గా పండాలి. చేత్తో కోయాలి. ల్యాబ్‌లో తయారైన ఈస్ట్ పొడి వేయకుండా, తోటలోంచీ గోదాంలోంచీ వచ్చిన ఈస్ట్‌తోనే పులియాలి. యాసిడ్, చక్కెర, ఎంజైములు, వగరు కోసం వేసే టానిన్ పొడి, రంగు కోసం వేసే ద్రాక్ష గాఢరసం లాంటివేవీ కలపకూడదు. గట్టి ఫిల్టర్లతో వడగట్టకూడదు. సీసాల్లో నింపేటప్పుడు అవసరమైతే, పాడవకుండా కాపాడే సల్ఫర్ డయాక్సైడ్ (క్లుప్తంగా సల్ఫర్ అంటారు) కాస్త వేయవచ్చు, కొందరు అదీ వేయరు.

ఇది మనకు కొత్త విషయం కాదు. ఇడ్లీ పిండిలో మనం ఈస్ట్ పొట్లం కలపం. మినప్పప్పులో, బియ్యంలో, గిన్నెలో, గాలిలో ఉన్న సూక్ష్మజీవులే రాత్రికి రాత్రి పిండిని పొంగిస్తాయి. పెరుగుకైతే నిన్నటి తోడు వేస్తాం. చాలామంది వైన్ రైతులు అచ్చంగా ఇదే చేస్తారు. అసలు కోతకు వారం ముందు కొన్ని గుత్తులు కోసి, చిన్న తొట్టిలో తొక్కి, అది బాగా పులిశాక దాన్ని పెద్ద తొట్టికి తోడుగా వేస్తారు.

ఇంకా దగ్గరి పోలిక కల్లు. మాది నల్లగొండ జిల్లా, చిన్నప్పుడు చూసిందే. చెట్టు నుంచి చుక్కచుక్కగా కారే నీరు లొట్టిలో పడగానే పులవడం మొదలవుతుంది. పొద్దున్నే తియ్యగా, ఎండెక్కేసరికి ఘాటుగా, సాయంత్రానికి పుల్లగా మారుతుంది. లొట్టిలో సున్నం పూస్తే పులవడం ఆగి నీరాగా నిలుస్తుంది. మా ఊళ్ళో కల్లు తాగేవాళ్ళు ముందు అడిగేది "ఎవరు దించిండు, ఎప్పుడు దించిండు" అనే. లొట్టి కడిగే మనిషి చేతి కల్లుకూ కడగని మనిషి చేతి కల్లుకూ తేడా రేకలో పోయగానే తెలిసిపోయేది. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్ కలిపిన కల్తీ సరుకు వల్ల మనుషులు ఆస్పత్రుల పాలవడం కూడా మన ప్రాంతం ఎరిగినదే. కాబట్టి సహజంగా పులిసిన పానీయం దగ్గర రెండు ప్రశ్నలు ఎప్పుడూ ఉంటాయి: ఎవరు చేశారు, మన దాకా ఎలా వచ్చింది. వైన్‌కీ సరిగ్గా ఈ రెండే ప్రశ్నలు. నేను కింద చెప్పేదంతా వీటికి జవాబే.

ఈ ఉద్యమం ఎక్కడ మొదలైందో తెలిస్తే మంచి బాటిల్ ఎలా ఉండాలో కూడా తెలుస్తుంది. బోజొలేలో జూల్ షోవే అనే వ్యక్తి ఉండేవాడు. 1907లో పుట్టి 1989లో పోయాడు. వైన్ వ్యాపారి, రసాయన శాస్త్రం క్షుణ్ణంగా చదివినవాడు, వైన్ రుచి చూడడంలో అసాధారణమైన ముక్కు ఉన్నవాడు. ఆయన కాలంలో బోజొలే రైతులు ఎరువులు, కలుపు మందులు దండిగా వాడి దిగుబడి పెంచారు. దాంతో ద్రాక్షలో సత్తువ తగ్గింది. చాలని తీపిని చక్కెర కలిపి భర్తీ చేశారు. పొట్లం ఈస్ట్‌తో పులియబెట్టారు. ఆ ఈస్టుల్లో ఒక రకం ఇచ్చే అరటిపండు వాసన బోజొలే వైన్‌కు గుర్తుగా మారిపోయింది. షోవే దీనికి ఎదురుగా పనిచేశాడు. ఆయన ప్రయోగాల్లో ముఖ్యమైనవి సల్ఫర్ లేకుండా, సొంత ఈస్ట్‌తో పులిసేటప్పుడు సూక్ష్మజీవులు ఏం చేస్తాయన్న దాని మీద. ఏమీ వేయకుండా వదిలేస్తే అదే అవుతుందిలే అనే మనిషి కాదు. మైక్రోస్కోప్ ముందు కూర్చుని, ఉష్ణోగ్రత కొలిచి, ద్రాక్ష గింజ గింజా శుభ్రంగా ఉందో లేదో చూసిన మనిషి.

మోర్గోన్ ఊరికి చెందిన మార్సెల్ లాపియేర్ ఆయన దగ్గర నేర్చుకున్నాడు. 1973లో ఇంటి తోట బాధ్యత తీసుకున్నవాడు, 1980ల మొదట్లో దారి మార్చాడు. పక్కనే ఉన్న జాన్ ఫొయార్, గీ బ్రెటోన్, జాన్ పోల్ తెవెనే కూడా ఆ దారి పట్టారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చెందిన దిగుమతిదారు కెర్మిట్ లించ్ ఈ నలుగురినీ అమెరికాకు పరిచయం చేశాడు. లాపియేర్ 2010లో చనిపోయాడు, ఇప్పుడు పిల్లలు నడుపుతున్నారు. ఆ ఊరి పేరుతోనే అమ్మే వాళ్ళ రెడ్ వైన్ మోర్గోన్, సల్ఫర్ అసలు లేకుండా ఒకటి, కొద్దిగా వేసి ఒకటి, రెండు రకాలుగానూ వస్తుంది. తమ వైన్ ఎంత దూరం, ఎంత వేడిలో ప్రయాణిస్తుందో ఆలోచించి రెండూ నింపడం నాకు నిజాయితీగా అనిపిస్తుంది.

నేను కోతకు వెళ్ళింది ఆ చుట్టుపక్కల ఒక చిన్న తోటకే. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, నడుము వంచి గుత్తులు కోసేవాళ్ళం. ఒక్క గింజ బూజు పట్టినా, పక్షి పొడిచినా గుత్తి మొత్తం తిప్పి చూసి ఆ భాగం కత్తిరించి పడేయాలి. యజమానురాలు బుట్టల దగ్గర నిలబడి మళ్ళీ ఒకసారి ఏరేది. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె, కొడుకు కలిసి గొట్టాలు, తొట్లు, నేల రాత్రి పదింటి దాకా వేడినీళ్ళతో కడిగేవాళ్ళు. సల్ఫర్ వాడనివాళ్ళకు వేరే కాపలా లేదు. శుభ్రతే కాపలా. ఏమీ కలపకుండా చేయడం బద్ధకస్తుల పని అనుకునేవాళ్ళకు ఆ రాత్రులు చూపించాలనిపిస్తుంది. బద్ధకంగా చేసేవాళ్ళూ ఉన్నారు, మీ బాటిల్ అలాంటి చోటు నుంచే వచ్చి ఉండొచ్చు.

ఇప్పుడు సల్ఫర్ గురించి, ఎందుకంటే షాపుల్లో ఎక్కువ తప్పుడు మాటలు వినబడేది దీని మీదే. సల్ఫర్ డయాక్సైడ్ బ్యాక్టీరియాను అణచి ఉంచుతుంది, గాలి తగిలి వైన్ పాడవకుండా చూస్తుంది. యూరప్‌లో మామూలు రెడ్ వైన్‌కు లీటరుకు 150 మిల్లీగ్రాములు, వైట్‌కు 200 దాకా అనుమతి. అమెరికాలో 350 దాకా ఉండొచ్చు. యూరప్ ఆర్గానిక్ వైన్ నియమాలు 2012లో వచ్చాయి. వాటి ప్రకారం తీపి లేని రెడ్‌కు 100, వైట్‌కు 150. ఫ్రాన్స్‌లో 2020లో "వాన్ మెతోద్ నతూర్" (సహజ పద్ధతి వైన్) అనే గుర్తును అధికారికంగా అంగీకరించారు. దానికి ఆర్గానిక్ సర్టిఫికెట్, చేతి కోత, సొంత ఈస్ట్ తప్పనిసరి. పులిసేటప్పుడు సల్ఫర్ వేయకూడదు, తర్వాత వేసినా మొత్తం 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అసలు వేయని వాటికి ఒక ముద్ర, 30 లోపు వాటికి ఇంకో ముద్ర ఉంటాయి. లేబుల్ మీద ఆ ముద్ర కనిపిస్తే కనీసం ఎలా చేశారన్నది కచ్చితంగా తెలుస్తుంది. రుచికి మాత్రం అది హామీ కాదు. చాలామంది మంచి రైతులు ఆ ముద్ర కోసం దరఖాస్తే చేయరు.

సల్ఫైట్లంటే ఈ సల్ఫర్ డయాక్సైడ్ రూపాలే. "సల్ఫైట్లు ఉన్నాయి" అనే మాట లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే లేబుల్ మీద వేయాల్సిందే. పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే కొంత సల్ఫైట్ పుట్టిస్తుంది కాబట్టి, ఏమీ కలపని వైన్ మీద కూడా ఆ మాట ఉండొచ్చు. అది చూసి పక్కన పెట్టేయకండి. అలాగే "సల్ఫైట్లు లేవు కాబట్టి తలనొప్పి రాదు" అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. సల్ఫైట్ల వల్లే తలనొప్పి వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఎండు ఆప్రికాట్లలో వైన్ కన్నా చాలా ఎక్కువ సల్ఫైట్లు ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి మాత్రం ఇవి పడవు, అది నిజమైన జాగ్రత్త. నేచురల్ అయినా ఆల్కహాల్ ఆల్కహాలే. ఆరోగ్యం కోసం తాగే వైన్ అంటూ ఏదీ లేదు.

ఇక లోపాలు. మీరు చెప్పిన లక్షణాలు వింటే అది "మౌస్" అనే లోపమని నాకు దాదాపు సందేహం లేదు. ఎలుక బోను వాసన వస్తుందని ఆ పేరు పెట్టారు. దీని ప్రత్యేకత ఏమిటంటే గ్లాసులో ముక్కు పెట్టి ఎంత పీల్చినా తెలియదు. వైన్ పుల్లగా ఉంటుంది కాబట్టి ఆ పదార్థాలు గాలిలోకి రావు. మింగాక, లాలాజలం కలిసి పులుపు తగ్గాక అప్పుడు బయటపడతాయి. అందుకే మీకు మొదటి గుక్క బాగుంది, ఆ తర్వాత వాసన వచ్చింది. బాటిల్ తెరిచి గాలి తగిలేకొద్దీ ఇది పెరుగుతుంది.

మీరు "బియ్యం డబ్బా" అన్నది నాకు చాలా నచ్చింది, ఎందుకంటే దానికి కారణం ఉంది. ఈ లోపానికి కారణమైన మూడు పదార్థాల్లో ఒకటి 2-ఎసిటైల్-1-పైరోలిన్. బాస్మతి బియ్యానికి ఆ సువాసన ఇచ్చేది కూడా సరిగ్గా అదే. బిర్యానీలో మనకు ఇష్టమైన వాసన వైన్‌లో, మిగతా రెండిటితో కలిసి, తప్పుచోట ప్రత్యక్షమవుతుంది. లాలాజలంలో తేడాల వల్ల కొంతమందికి ఈ లోపం అసలు తెలియదు కూడా. షాపులో ఆ మాట అన్న మనిషి అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, ఆయన నోటికి అది నిజంగా అందకపోయి ఉండొచ్చు. పరీక్షించడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్ది, ఆరాక వాసన చూడండి. చర్మం మీద పులుపు తగ్గుతుంది కాబట్టి మౌస్ ఉంటే అక్కడ తెలుస్తుంది.

రెండోది వోలటైల్ యాసిడిటీ. అసిటిక్ యాసిడ్ వల్ల వెనిగర్ వాసన, ఎథైల్ అసిటేట్ వల్ల నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. కొద్దిగా ఉంటే వైన్‌కు ఒక ఉత్సాహం వస్తుంది, లెబనాన్, ఇటలీ పాత వైన్లలో చాలామంది ఇష్టపడతారు కూడా. గొంతులో గీసుకున్నట్టు మండితే మాత్రం అది వెనిగర్ దారి పట్టిందన్నమాటే. మూడోది బ్రెట్టనోమైసిస్ (క్లుప్తంగా బ్రెట్) అనే ఈస్ట్ తెచ్చేది. పశువుల కొట్టం, గుర్రపు జీను, కొత్త బ్యాండ్-ఎయిడ్ వాసన. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. అది పండు వాసన వెనకాల ఎక్కడో వినబడితే పర్వాలేదు, కొట్టం తప్ప ఇంకేమీ రాకపోతే ఆ ద్రాక్ష ఏ ఊరిదైనా ఒకటే అయిపోతుంది. అలాంటప్పుడు ఒక ప్రత్యేకమైన తోట వైన్‌కు అంత డబ్బు ఎందుకివ్వాలి?

లోపం కానివి కూడా చెప్పాలి, లేదంటే మంచి బాటిళ్ళను పారబోస్తారు. తెరవగానే ఉడికిన గుడ్డు వాసనో, వెలిగించిన అగ్గిపుల్ల వాసనో వస్తే భయపడకండి. గాలి చాలక వచ్చేది అది. జగ్గులో పోసి పావుగంట వదిలేస్తే చాలాసార్లు పోతుంది. నాలుక మీద కొద్దిగా చురుక్కుమంటే, పులిసినప్పటి కార్బన్ డయాక్సైడ్‌ను కాపలాగా వదిలి ఉంటారు, జగ్గు తిప్పితే వెళ్ళిపోతుంది. మబ్బుగా ఉండటం వడగట్టకపోవడం వల్ల, అడుగున మడ్డి కూడా అంతే. మబ్బుగా ఉంటేనే అసలైన నేచురల్ అనేది కూడా తప్పే. ఓపికగా పీపాల్లో ఉంచితే ఫిల్టర్ లేకుండానే తేరుకుంటుంది. లాపియేర్ మోర్గోన్ చూడండి, తేటగా మెరుస్తుంది.

నారింజ రంగు వైన్లలో వగరు కూడా లోపం కాదు. తెల్ల ద్రాక్షను తొక్కలతో పాటు పులియబెట్టడం వల్ల వచ్చేది అది, చిక్కటి డికాక్షన్‌లో వగరులాగా. జార్జియాలో క్వెవ్రీ అనే పెద్ద మట్టి బానలను మెడ దాకా భూమిలో పాతి, లోపల తేనె మైనం పూసి, రసం, తొక్కలు, గింజలు అన్నీ కలిపి నెలల తరబడి ఉంచుతారు. ఆ దేశంలో క్రీస్తుపూర్వం 6000 ప్రాంతపు కుండ పెంకుల్లో వైన్ ఆనవాళ్ళు దొరికాయి, 2013లో యునెస్కో ఈ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఇటలీ-స్లొవేనియా సరిహద్దు ఊరు ఒస్లావియాకు చెందిన జోష్కో గ్రావ్నర్ అప్పటికే ఆధునిక యంత్రాలతో పేరు తెచ్చుకున్నవాడు. అవన్నీ వదిలేసి 2001 పంట నుంచి జార్జియా బానల్లో వైన్ పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన పొరుగువాడు స్టాంకో రాడికాన్ కూడా తొక్కలతో పులియబెట్టే పద్ధతికి పేరు తెచ్చాడు. ఇవి గట్టి వైన్లు, మొదటి వారమే మొదలుపెట్టమని మాత్రం నేను చెప్పను.

కొనేటప్పుడు నేను చేసేది చెప్తాను. ముందు బాటిల్ వెనక్కి తిప్పుతాను. అమెరికాలో దిగుమతి వైన్ మీద దిగుమతిదారు పేరు తప్పనిసరిగా ఉంటుంది. మీకు నచ్చిన ఆ మొదటి బాటిల్ వెనక ఎవరి పేరుందో మీ స్నేహితులని అడగండి, అదే ఈ ప్రశ్నకు సగం జవాబు. కెర్మిట్ లించ్, లూయి డ్రెస్నర్, జెన్నీ అండ్ ఫ్రాన్స్వా, జెవ్ రోవిన్ లాంటి దిగుమతిదారులు ఏళ్ళ తరబడి ఈ రైతుల దగ్గరే తిరుగుతున్నారు. నాకు రైతు పేరు తెలియకపోయినా వెనక ఇలాంటి పేరుంటే ధైర్యంగా కొంటాను. తర్వాత, పండించినవాళ్ళే సీసాలో నింపారా అని చూస్తాను. ఫ్రెంచ్ బాటిల్ మీద "మీజ్ ఆన్ బుతెయ్ ఓ దొమేన్" అని ఉంటే తోటలోనే నింపారని అర్థం. ప్రాంతం పేరు లేకుండా "వాన్ ద ఫ్రాన్స్" (ఫ్రాన్స్ వైన్) అని మాత్రమే ఉంటే చౌకరకం అనుకోవద్దు. చాలామంది మంచి రైతులు ప్రాంతపు నియమాలకు ఇమడక ఆ పేరుతోనే అమ్ముకుంటారు. 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన యూరప్ వైన్ల పదార్థాల జాబితా అక్కడి లేబుల్ మీదో, క్యూఆర్ కోడ్‌లోనో ఉండాలి. మీ బాటిల్ మీద ఆ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. జాబితాలో ద్రాక్ష, ఒకవేళ సల్ఫైట్లు, అంతే ఉంటే మంచి సంకేతం.

ముందు లేబుల్ మీద కార్టూన్ బొమ్మలు, సీసాకు మైనం ముద్ర, వింత పేర్లు వీటితో నాకు సంబంధం లేదు. ఆ బొమ్మ వెనక గొప్ప వైన్ ఉండొచ్చు, చెత్త ఉండొచ్చు.

ప్రయాణం సంగతి అందరూ మరిచిపోతారు. సల్ఫర్ తక్కువ ఉన్న వైన్ వేడికి తట్టుకోదు. 14 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంచమని కొందరు రైతులు లేబుల్ మీదే రాస్తారు. ఒక జులైలో మేము తెప్పించుకున్న సరుకు రెండు రోజులు ఎండలో ఆగిన ట్రక్కులో ఉండిపోయింది. అంతకుముందు నెల అదే రైతు, అదే సంవత్సరం వైన్ అద్భుతంగా ఉంది. ట్రక్కులో వచ్చినవి తెరిస్తే కార్కులు పైకి ఉబ్బి, మళ్ళీ పులిసి, గ్యాస్‌తో నిండిపోయి ఉన్నాయి. ఒక్కటీ అమ్మలేకపోయాం. అప్పటి నుంచి నేను జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇంటికి పార్సిల్ తెప్పించుకోను. మీరూ అంతే చేయండి. షాపులోకి అడుగు పెట్టగానే చల్లగా ఉందా, బాటిళ్ళు కిటికీ ఎండలో నిలబెట్టారా చూడండి. కిటికీలో ఉన్న బాటిల్ ఎప్పుడూ తీసుకోవద్దు.

షాపువాళ్ళను మూడు ప్రశ్నలు అడగండి. ఈ బాటిల్ మీరు స్వయంగా తాగారా, ఎప్పుడు? తెరిచాక రెండో రోజు ఎలా ఉంది? మౌస్ ఉందని ఎవరైనా తిరిగి తెచ్చారా? మూడో ప్రశ్న వినగానే మంచి దుకాణదారు ముఖం వెలుగుతుంది, ఎందుకంటే తెలిసినవాళ్ళే అది అడుగుతారు. రెండో రోజు ప్రశ్న నాకు అన్నిటికన్నా ముఖ్యం. బలంగా చేసిన నేచురల్ వైన్ ఫ్రిజ్‌లో పెడితే రెండో రోజు ఇంకా బాగుంటుంది. బలహీనమైనది రాత్రికే కూలిపోతుంది.

ప్రాంతాల్లో, పులుపు బాగా నిలిచే చల్లటి చోట్లతో మొదలుపెట్టమంటాను. ద్రాక్షలో సహజమైన పులుపు ఎక్కువుంటే బ్యాక్టీరియా ఆటలు సాగవు, అందుకే అక్కడ సల్ఫర్ లేకుండా చేయడం కాస్త సురక్షితం. బాగా ఎండలు కాసి పులుపు పడిపోయిన సంవత్సరాల వైన్లలో మౌస్, బ్రెట్ నాకు ఎక్కువగా తగులుతాయి. మొదటి బాటిల్ లాపియేర్ లేదా ఫొయార్ మోర్గోన్. గమే అనే ద్రాక్ష, పలచటి రెడ్, చెర్రీ పండ్ల వాసన, వగరు తక్కువ. రెండోది ఫ్రాన్స్‌లోని లువార్ నది ఒడ్డు నుంచి, వైట్ కావాలంటే షెనాన్ బ్లాన్ ద్రాక్షది, రెడ్ కావాలంటే షినోన్ ఊరి కబెర్నె ఫ్రాంక్ ద్రాక్షది. మూడోది సిసిలీ ద్వీపంలోని విత్తోరియా నుంచి. అక్కడ అరియానా ఒకిపింటి చేసే ఎస్‌పీ68 రెడ్, తోట పక్క రోడ్డు నంబరే దాని పేరు, ఫ్రప్పాతో, నీరో దావొలా ద్రాక్షల కలయిక. అదే ఊరి దగ్గర సీఓఎస్ అనే పేరుతో వైన్ చేసేవాళ్ళు మట్టి బానల్లో కూడా చేస్తారు. సిసిలీ వేడి చోటే కదా అంటారేమో. నిజమే, ఆ ఇద్దరూ ఎంత జాగ్రత్తపరులో చూపడానికే చెప్తున్నాను. నారింజ వైన్ దగ్గరికి వచ్చేసరికి జార్జియాలోని సిఘ్నాఘి ఊరి ఫెజంట్స్ టియర్స్ అనే వైన్ తయారీదారుల ర్కాత్సితేలి తీసుకోండి, అది అక్కడి తెల్ల ద్రాక్ష పేరు.

ధర విషయంలో మీరు పెట్టిన 34 డాలర్లు ఎక్కువేమీ కాదు. చేతి కోత, తక్కువ దిగుబడి, ఏరి పారేసిన పండు, వీటికి ఖర్చవుతుంది. నేను ఇంటికి తెచ్చుకునేవి ఎక్కువగా 22 నుంచి 35 డాలర్ల మధ్యవే. 12 డాలర్లకు "నేచురల్" అని రాసి ఉంటే అనుమానించండి. 80 పెట్టి పేరున్న అరుదైన బాటిల్ వెంట మొదటే పడకండి, వాటిలో సగం ధర దొరకకపోవడానికే.

తాగే ముందు: బాటిల్‌ని ఒక రోజు నిలువుగా ఉంచండి, మడ్డి దిగుతుంది. రెడ్ అయినా ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. మన గది వేడిలో ఈ వైన్లు తమ లోపాలన్నీ బయటపెట్టుకుంటాయి. మన తిండితో ఇవి చాలా బాగా కలుస్తాయి, ఇది నా మనసుకు దగ్గరి విషయం. వగరు ఎక్కువున్న, ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ వైన్ మన కారాన్ని ఇంకా రేపుతుంది. చల్లగా ఉన్న గమే అలా చేయదు, నాటుకోడి కూర పక్కన హాయిగా నిలబడుతుంది. చింతపండు చేపల పులుసుకు మామూలు వైన్లు నీళ్ళలా అనిపిస్తాయి. జార్జియా నారింజ వైన్ మాత్రం ఆ పులుపునూ మసాలానూ ఎదుర్కొంటుంది. మా అమ్మ వండిన గోంగూర మాంసంతో ఒకసారి తెరిచాను, నాన్న కల్లు తప్ప ఇంకేదీ మెచ్చని మనిషి, రెండో గ్లాసు అడిగాడు.

మిగిలిన మీ బాటిల్ పారబోయకండి. కార్క్ పెట్టి, బిల్లుతో సహా షాపుకు తీసుకెళ్ళండి. మంచి షాపులు పాడైన బాటిల్‌ని వెనక్కి తీసుకుంటాయి, వాళ్ళకు డిస్ట్రిబ్యూటర్‌తో ఆ సర్దుబాటు ఉంటుంది. నచ్చలేదు అని చెప్పకండి. "ఇందులో మౌస్ ఉంది, మింగాక తెలుస్తుంది, అరచేతిలో రుద్ది చూడండి" అని చెప్పండి. అప్పటికీ ఇది ఇంతే అంటే ఆ షాపు మార్చేయండి. మార్చి ఇస్తామంటే బదులుగా మోర్గోన్ అడగండి, ఇంటికి తెచ్చి ఒక రోజు నిలబెట్టి, సగం తాగి సగం ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు ఎలా ఉందో నాకు రాయండి.